ఒక్క నంబరు చెప్పి వదిలేయకండి: తెలుగులో కార్ల రివ్యూలు చేసేవారికి బహిరంగ లేఖ

కార్ల రివ్యూలు చేసే తెలుగు యూట్యూబ్ మిత్రులకు,

నమస్కారం. నేను మీ వీడియోలు అన్నం తింటూ చూసే మనిషిని. మా ఇంట్లో పిల్లలు మీ గొంతు వినగానే ఎవరో చెప్పేస్తారు. బండి కొనే ముందు ఆరు నెలలు మిమ్మల్నే చూశాను, కొన్నాక కూడా మానలేదు. కాబట్టి ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం అనుకోకండి. మీరు మైలేజ్ చెప్పే తీరు మీద కొంచెం విసుగు మాత్రం ఉంది, దాచను.

పోయిన వారం ఒక వీడియో చూశాను. 120 హార్స్‌పవర్ టర్బో హ్యాచ్‌బ్యాక్. ఇరవై రెండు నిమిషాల వీడియో. సైలెన్సర్ శబ్దానికి మూడు నిమిషాలు, ఎర్రదారం కుట్లున్న సీట్లకు రెండు నిమిషాలు, నోటితో చెప్తే సన్‌రూఫ్ తెరుచుకుంటుందని చూపించడానికి ఇంకో నిమిషం. అన్నీ అయ్యాక చివర్లో మైలేజ్. "కంపెనీ ఇరవై అంటోంది, మనకు సిటీలో పన్నెండు నుంచి పదిహేను, హైవేలో పద్దెనిమిది దాకా రావొచ్చు. అంతా మీ కాలు మీద ఆధారపడి ఉంటుంది బ్రో." ఇంతే. పన్నెండు సెకన్లు. వెనక్కి జరిపి మరీ లెక్కపెట్టాను.

పన్నెండుకీ పదిహేనుకీ మధ్య ఏముందో మీరు ఆలోచించారా? నేను నెలకు సుమారు 840 కిలోమీటర్లు తిరుగుతాను. పన్నెండు వస్తే 70 లీటర్లు, పదిహేను వస్తే 56. తేడా 14 లీటర్లు. 2025 అంతా హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107 రూపాయల పైనే ఉంది. అంటే మీరు "నుంచి" అని తేలిగ్గా అనేసిన ఆ ఒక్క మాట నాకు నెలకు 1,500 రూపాయలు. మా అమ్మాయి డ్యాన్స్ క్లాసు ఫీజు అంతకన్నా తక్కువ.

నా బండీ ఇలాంటి టర్బో హ్యాచ్‌బ్యాకే, పేరు చెప్పను. చెబితే దాని ఫ్యాన్స్ ఒకవైపు, పక్క కంపెనీ ఫ్యాన్స్ ఇంకోవైపు చేరతారు, అసలు విషయం మూలన పడుతుంది. 1 లీటరు టర్బో పెట్రోల్, మూడు సిలిండర్లు, డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్. ఇంతవరకు చాలు. ఇల్లు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో, ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. వారానికి నాలుగు రోజులు వెళ్లిరావాలి.

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన నోట "మైలేజ్" అన్న మాట రాదు, "కేఎంపీఎల్" అంటారు, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని. డిపోలో ఎవరికి నెలకు ఎంత కేఎంపీఎల్ వచ్చిందో లెక్క ఉండేదట. మంచిగా తెచ్చినవాళ్లకు మెప్పు, తక్కువ తెచ్చినవాళ్లకు పిలుపు. కారు ఇంటికొచ్చిన రోజు అందరూ నిమ్మకాయలు, కొబ్బరికాయ అని హడావిడి పడుతుంటే ఆయన ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్ను తెచ్చి డ్యాష్‌బోర్డు అరలో పెట్టారు. "పోసిన ప్రతిసారీ రాయి. రాయకపోతే నీ బండి సంగతి నీకే తెలియదు" అన్నారు. అప్పుడు నవ్వాను. పద్నాలుగు నెలలుగా రాస్తున్నాను. ఈ ఉత్తరానికి ధైర్యం ఆ నోటుబుక్కే.

ముందుగా ఆ కంపెనీ నంబరు సంగతి. అది అబద్ధమని మీలో చాలామంది కళ్లెగరేసి నవ్వుతారు. అబద్ధం కాదు. అది వేరే ప్రశ్నకు జవాబు. మనం ఇన్నాళ్లూ షోరూముల్లో చూస్తూ వచ్చిన నంబర్లు మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో కొలిచినవి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి, వాహనాలను పరీక్షించే సంస్థల ల్యాబులో కారును రోలర్ల మీద నిలబెడతారు. ఏసీ ఆపేస్తారు. తెర మీద గీత ఎలా వెళ్తే అలా, ఆ వేగానికి తగ్గట్టు డ్రైవర్ నడుపుతాడు. మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాలు కూడా నిండవు. దూరం సుమారు 10.6 కిలోమీటర్లు. ఎంత తొక్కినా 90 దాటేది లేదు.

అందులో ఒక ముక్క నాకు భలే నచ్చింది. ఆ పరీక్షలోని సిటీ భాగంలో కారు నిలబడ్డ చోటి నుంచి 50 వేగం అందుకోవడానికి ఇచ్చే సమయం 26 సెకన్లు. ఇరవై ఆరు! ఒక ఆదివారం పొద్దున్నే మా వాడి చేతిలో ఫోన్ పెట్టి, స్టాప్‌వాచ్ నొక్కమని చెప్పి, నేనూ అలాగే నడిపి చూశాను. కాలు పెడల్ మీద పెట్టీ పెట్టనట్టు ఉంచాలి. వేగం పెరుగుతోందా లేదా అని మీటర్ వంక చూస్తూ ఉండాలి. పదిహేనో సెకను దగ్గర వెనకనున్న పాల వ్యాను హారన్ కొట్టింది. ఇరవయ్యో సెకను దగ్గర దాటేసింది. దాటేస్తూ ఆ డ్రైవర్ నావైపు చూసిన చూపు ఉంది చూశారూ, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాణ్ని చూసినట్టు.

ఇప్పుడు మన బండ్ల లెక్క చూడండి. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021లో వచ్చినప్పుడు 100 వేగానికి 9.9 సెకన్లు అన్నారు, మైలేజ్ 20.25 అనీ అన్నారు. అంతకుముందు 2017లో వచ్చిన మారుతి బలెనో ఆర్ఎస్‌కు 21.1. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ 2013లో 105 హార్స్‌పవర్‌తో వచ్చింది, దానికి 17.2. 2015లో ఫియట్ తెచ్చిన అబార్త్ పుంటోకు 145 హార్స్‌పవర్, మైలేజ్ 16.3. బ్రోషర్‌లో ఒకే పేజీలో పికప్పూ ఉంటుంది, మైలేజూ ఉంటుంది. రెండూ నిజమే. ఒకే రోజు నిజం కావు, అంతే. పదిలోపు వందకు వెళ్లే బండిని ఇరవై ఆరు సెకన్లలో యాభైకి తీసుకెళ్లి కొలిచిన నంబరు అది. ఈ సంగతి చెప్పడానికి మీకు నిమిషం చాలు. సన్‌రూఫ్ నిమిషం తీసేసి ఇది పెట్టండి.

"అన్ని కార్లకూ ఇదే పరీక్ష కదా, వీటికే ఎందుకు ప్రత్యేకం?" అని మీరు అడగొచ్చు. నా ఉత్తరంలో అసలు సంగతి ఇదే. ఈ చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్‌లకు ఒక్క నంబరు సరిపోదు. మామూలు ఇంజన్‌కు సరిపోయినంత కూడా సరిపోదు.

మెల్లగా పోనిస్తే ఇది 1 లీటరు, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. రాపిడి తక్కువ, ఖర్చు తక్కువ. బుద్ధిగా ఉంటుంది. గట్టిగా తొక్కారో, టర్బో అదే సిలిండర్లలోకి ఇంకా బోలెడు గాలిని కుక్కుతుంది. గాలి పెరిగితే దానికి తగ్గట్టు పెట్రోలూ పెరగాలి. తూకంలో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్, ఇది పూర్తిగా మండే లెక్క. ఇక్కడితో అయిపోతే బాగుండేది. పూర్తిగా తొక్కిపెట్టి లాగిస్తుంటే పొగగొట్టం వైపు వేడి విపరీతంగా పెరుగుతుంది, టర్బో కాలిపోకుండా కాపాడాలి. అందుకు చాలా ఇంజన్లు అవసరానికి మించి పెట్రోల్ చల్లుతాయి. ఆ అదనపు పెట్రోల్ బండిని లాగడానికి కాదు, లోపల చల్లబరచడానికి! కుండ పగలకుండా నీళ్లు చల్లినట్టు. మరి మన మే నెల ఎండలో లోపలికి వెళ్లే గాలే వేడిగా ఉంటే, పెట్రోల్ దానంతటదే అంటుకుని ఇంజన్ కొట్టుకోకుండా కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. అదే పనికి ఇంకాస్త ఎక్కువ తాగుతుంది.

అంటే బ్రోషర్‌లోని 120 హార్స్‌పవర్ ఎప్పుడూ ఉండే ఆస్తి కాదు, అవసరానికి తెచ్చుకునే అప్పు. వాడినప్పుడల్లా వడ్డీ కట్టాలి. మామూలు 1.2 లీటర్ల ఇంజన్‌కు అప్పు పుట్టదు, అందుకే వడ్డీ గొడవా తక్కువ.

ఇక నోటుబుక్కు తెరుస్తాను.

ఆఫీసు వారాలు. జేఎన్టీయూ సిగ్నల్, హైటెక్ సిటీ రైల్వే అండర్‌పాస్, బయోడైవర్సిటీ జంక్షన్, మీకు తెలియని దారి కాదు. ఏసీ 24 మీద. 341 కిలోమీటర్లు, 30.2 లీటర్లు. లెక్కేస్తే 11.3. కారు తెర మీద మాత్రం 12.4 అని కనిపించింది.

మా అమ్మాయి స్కూలు మొదలైన కొత్తలో ఇంకో ట్యాంకు. స్కూలు రెండున్నర కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపు గేటు వచ్చేస్తుంది. అక్కడ ఏసీ వేసుకుని పావుగంట వెయిటింగ్. చల్లగా ఉన్న ఇంజన్ ఎలాగూ ఎక్కువ తాగుతుంది, నిలబెట్టి ఏసీ నడిపితే గంటకు లీటరు దాకా పోతుంది, అప్పుడు కిలోమీటర్లు సున్నా. 247 కిలోమీటర్లు, 27.6 లీటర్లు. 8.9. పక్కన నాన్న చేతిరాత: "ఇది బస్సా?"

విజయవాడ ట్రిప్పు. నలుగురం, సామాన్లు, ఏసీ. ఎల్బీ నగర్ దాటాక ఫుల్ చేయించి, 85, 90 మధ్య పట్టుకుని వెళ్లాం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోల్ గేట్ల దగ్గర ఆగిందే ఆగడం. గొల్లపూడిలో మళ్లీ ఫుల్. 262 కిలోమీటర్లకు 14.1 లీటర్లు. 18.6 అన్నమాట. ఆ రోజు ఇంటికొచ్చి మీ అందరి వీడియోల కింద "నిజమే అన్నా" అని కామెంట్లు పెట్టాలనిపించింది. పెట్టలేదు, ఎందుకంటే తర్వాతి నెల ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) సంగతి జరిగింది.

ఓఆర్ఆర్ మీద వేగ పరిమితి 2023లో వంద నుంచి 120కి పెంచారు కదా. వేగానికి మైలేజ్ ఎంత తగ్గుతుందో చూద్దామని ఒక ఆదివారం 90 దగ్గర పట్టుకుని రెండు చుట్లు తిరిగాను. ఇంకో ఆదివారం అవే రెండు చుట్లు 118 దగ్గర. రెండుసార్లూ ఏసీ, రెండుసార్లూ నేనొక్కణ్నే, టైర్లలో అదే గాలి. 312 కిలోమీటర్లకు మొదటిసారి 16.4 లీటర్లు, రెండోసారి 22.4. అంటే 19, ఇంకా 13.9. దారి ఒకటే, కారు ఒకటే, గాలిని చీల్చుకుంటూ పోవడానికి పడ్డ కష్టమే తేడా. వేగం మూడో వంతు పెరిగితే గాలి తోపు ముప్పావు దాకా పెరుగుతుంది. టోల్ డబ్బులతో కలిపి ఈ ప్రయోగానికి ఎంతైందో మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ఒకే కారు, ఒకే మనిషి. 8.9 నుంచి 19 దాకా. రెట్టింపు కన్నా ఎక్కువ తేడా. మా బావమరిది దగ్గర టర్బో లేని 1.2 లీటర్ల మాన్యువల్ ఉంది. ఆయన చేత కూడా రాయించాను, బతిమాలి. ఆయన ఘోరమైన ట్యాంకు 13, మంచి ట్యాంకు 20. అక్కడ "సిటీలో పద్నాలుగు" అని మీరు ఒక ముక్క చెబితే ఆయన పెద్దగా మోసపోడు. నాకు "పన్నెండు నుంచి పదిహేను" అంటే మోసపోతాను. నా ఘోరమైన ట్యాంకు మీ లెక్కలోనే లేదు.

పద్నాలుగు నెలల మొత్తం చెప్పేస్తాను. 11,812 కిలోమీటర్లు, 963 లీటర్లు, సగటు 12.3. లీటరు 107 లెక్కన లక్షా మూడు వేలు. కంపెనీ చెప్పిన ఇరవై వచ్చుంటే 63 వేలతో పోయేది. నలభై వేలు తేడా. ఈ నలభై వేలకు నేను బాధపడటం లేదు. నిజంగా. పీజేఆర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ముందు ఖాళీ దొరికితే ఆ బండి ఎలా దూకుతుందో నాకు తెలుసు, దానికి డబ్బు కట్టడానికి సిద్ధపడే కొన్నాను. ఎంత కట్టాలో కొనే ముందు తెలియకపోవడమే నచ్చలేదు.

కొలవడం గురించి ఒక మాట. మీలో కొందరు తెర మీద కనిపించే నంబరును కెమెరాకు చూపించి "చూడండి, 16.8" అంటారు. నా బండి తెర ప్రతిసారీ ఎక్కువే చెబుతుంది, దాదాపు పదో వంతు. ఇంకొందరు ఫుల్ ట్యాంక్ పద్ధతి అంటారు కానీ యాభై కిలోమీటర్లు తిరిగి మళ్లీ పోయిస్తారు. యాభై కిలోమీటర్లకు పట్టేదే మూడు నాలుగు లీటర్లు, అందులో అర లీటరు అటూ ఇటూ అయితే పద్నాలుగు కాస్తా పదహారవుతుంది.

ఆ అర లీటరు ఎక్కడ అటూ ఇటూ అవుతుందో కూడా చెప్తాను. మన బంకుల్లో ఒక ఆచారం ఉంది. నాజిల్ టక్కుమని ఆగుతుంది. ఆటో కట్. అక్కడితో ఆపాలి. కానీ మీటర్ మీద 2,867 రూపాయలు కనిపిస్తుంటే ఆ కుర్రాడికి మనసొప్పదు. "సార్, రౌండ్ ఫిగర్ చేసేయమంటారా?" అంటూనే, మనం జవాబు చెప్పేలోపే, నాజిల్‌ను కొంచెం పైకి లాగి, చుక్క చుక్కగా పోస్తూ, ఆగుతూ, పోస్తూ, మూడు వేలకు తెచ్చేస్తాడు. లీటరు పైన ఎక్కించేశాడు. నా మొదటి రెండు నెలల లెక్క ఇలాగే పాడైంది. ఒక ట్యాంకు 15 చూపించింది, తర్వాతి ట్యాంకు 9.8. బండికి ఏదో అయిందని టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కు కూడా వెళ్లాను. బండికి ఏమీ కాలేదు, రౌండ్ ఫిగర్ అయింది. ఇప్పుడు బంకులోకి వెళ్లగానే కిందికి దిగి నిలబడతాను. ఒకే బంకు, ఒకే పంపు, మొదటి కట్‌కే ఆపేయాలి. మా కాలనీ బంకులో కుర్రాళ్లు నన్ను చూడగానే "చిల్లర సార్ వచ్చాడు" అనుకుంటారని నా నమ్మకం.

ఇంకో చిన్న విషయం, లెక్కల మాస్టారిలా అనిపిస్తే క్షమించండి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న కొలత మనల్ని మోసం చేస్తుంది. పద్దెనిమిది నుంచి ఇరవైకి పెరిగితే వెయ్యి కిలోమీటర్లకు మిగిలేది ఐదున్నర లీటర్లు. పది నుంచి పన్నెండుకు పెరిగితే దాదాపు పదిహేడు లీటర్లు. రెండు చోట్లా "రెండు పెరిగింది" అనే అంటాం. అంటే హైవే మీద మీ బండి పద్దెనిమిదా ఇరవైయా అని మీరు పోట్లాడుకునే చోట డబ్బు లేదు. డబ్బంతా సిటీలో, తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య ఉంది. మీరు కొలవని చోటే.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే మాట ఒకటుంది. "మైలేజ్ అడిగేవాళ్లు ఇలాంటి కార్లు కొనకూడదు." మీలో కనీసం ముగ్గురి నోట విన్నాను. కామెంట్లలో అయితే లెక్కే లేదు. ఎందుకు కొనకూడదు? ఈ రకం కార్లకు పేరు తెచ్చిన గోల్ఫ్ జీటీఐ 1976లో 110 హార్స్‌పవర్‌తో వచ్చింది. రోజూ ఆఫీసుకు, బజారుకు వెళ్లే కారే సరదాగా పరిగెత్తాలన్నదే దాని ఆలోచన. ఐదు వేలు అమ్ముడుపోతే చాలనుకుంటే, ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. కొన్నవాళ్లంతా రేసులకు వెళ్లారా? పిల్లల్ని స్కూల్లో దింపారు.

మన ఇళ్లలో ఇంకాను. వీకెండ్‌కు ఒకటి, ఆఫీసుకు ఒకటి అని రెండు కార్లుండే ఇళ్లు ఎన్ని? ఒకటే బండి. పొద్దున ఆఫీసు, సాయంత్రం కూరగాయలు, అత్తగారికి ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి, సంక్రాంతికి ఊరు, ఏడాదికోసారి తిరుపతి. ఈ పనులన్నీ చేస్తూనే, ఖాళీ రోడ్డు దొరికినప్పుడు ఒక చిరునవ్వు కావాలని ఈ కారు కొంటాడు. చాలామంది నెల జీతం మీద, ఈఎంఐ కట్టుకుంటూ కొంటారు. ఆ మనిషి "ఎంత ఇస్తుంది అన్నా?" అని అడిగితే అది పిసినారితనం ఎలా అవుతుంది? పెళ్లిచూపుల్లో జీతం అడిగినట్టు, అది అడగాల్సిన ప్రశ్నే. డ్రైవింగ్ ఇష్టమున్నవాడికి మైలేజ్ మీద ఇష్టం ఉండకూడదని ఎవరు రాశారు? మా నాన్నను మించి డ్రైవింగ్ ఇష్టపడ్డ మనిషిని నేను చూడలేదు, ఆయన ఆటంతా కేఎంపీఎల్‌లోనే ఉండేది. ఎదురుగా ఎర్రలైటు కనిపిస్తే ఆయన కాలు ఎంత దూరం నుంచి లేచేదో! "బ్రేక్ తొక్కావంటే అంతకుముందు కాల్చిన డీజిల్‌ను రోడ్డు మీద పారబోసినట్టే" అనేవారు. ఆ ఒక్క మాట పాటించిన నెలలో నా ఆఫీసు ట్యాంకు 11.3 నుంచి 12.6 అయింది. ఆఫీసుకు చేరే టైం మారలేదు. సిగ్నల్ దగ్గరికి ముందే చేరి నిలబడటం తగ్గింది.

ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి కూడా మీరే కొంచెం బాధ్యతగా మాట్లాడాలి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, ఇది మామూలు గుణకారం. 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా ఇథనాల్ లేని పెట్రోల్‌కు తయారై ఈ10కు (పది శాతం ఇథనాల్) సర్దుబాటు చేసిన పాత పద్ధతి కార్లకు 6 నుంచి 7 శాతం, ఈ10కు తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లకు 1 నుంచి 2 శాతం తగ్గుదల ఉంటుందని అంచనా వేసింది. కానీ ఒక్క ట్యాంకు పోయించి "ఈ20 వల్ల నాకు నాలుగు తగ్గింది" అని వీడియో పెట్టేస్తున్నారు. నా నోటుబుక్కులో ఒక వారానికీ ఇంకో వారానికీ మధ్య ట్రాఫిక్ వల్లే మూడు తేడా వస్తోంది. ఆ గోలలో ఆరు శాతాన్ని ఒక్క ట్యాంకుతో ఎలా పట్టుకుంటారు? ఖరీదైన ప్రీమియం పెట్రోల్ పోస్తే రెండు పెరిగిందనే వీడియోలదీ ఇదే కథ. పది ట్యాంకులు రాయండి, అప్పుడు నేనూ నమ్ముతాను.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. కంపెనీ వాళ్లు రిసార్ట్‌కు పిలిచి, మూడు గంటలు బండి ఇచ్చి, సాయంత్రానికి తాళాలు తీసుకుంటారు. ముందుగా వీడియో పెట్టినవాడికే వ్యూస్. ఆ మూడు గంటల్లో మైలేజ్ కొలవడం ఎవరి వల్లా కాదు. అయితే ఆ మాటే చెప్పండి. "మైలేజ్ నేను కొలవలేదు" అన్న ఒక్క వాక్యం తెలుగు రివ్యూల్లో నేను ఇంతవరకు వినలేదు. అది విన్న రోజు మీ మీద గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు.

వారం రోజులు బండి దొరికినప్పుడు మాత్రం దయచేసి దాన్ని రాత్రి పదకొండుకు ఓఆర్ఆర్ ఎక్కించకండి. అక్కడ ఏ బండైనా మంచిదే. మీకు నచ్చిన ఒక ఆఫీసు దారి పెట్టుకోండి. హైదరాబాదే కానక్కర్లేదు, విజయవాడలో బెంజ్ సర్కిల్ అయినా, విశాఖలో గాజువాక అయినా సరే. ప్రతి బండినీ ఆ దారిలోనే, పని రోజుల్లో, ఏసీ వేసి నడపండి. ఎంతమంది ఎక్కారో, టైర్లలో గాలి ఎంతో చెప్పండి. మూడు నంబర్లు ఇవ్వండి: ట్రాఫిక్‌లో వచ్చింది, హైవే మీద వచ్చింది, సరదాగా తొక్కినప్పుడు వచ్చింది. ఈ మూడోది దాచకండి. ఈ కారు కొనేవాడు దాన్ని తొక్కడానికే కొంటున్నాడు. తొక్కితే ఏడొస్తుందా, పదొస్తుందా? ఏడైనా కొనేవాడు కొంటాడు, కాకపోతే కళ్లు తెరుచుకుని కొంటాడు. మీ చూసేవాళ్లలో నాలాంటి నోటుబుక్కు పిచ్చివాళ్లు ఇంకా ఉంటారు. అడిగితే ఫొటోలు తీసి పంపిస్తారు. ఒక్కో మోడల్‌కు పది నోటుబుక్కులు దొరికినా అవి మీ మూడు గంటల టెస్ట్ డ్రైవ్ కన్నా నయం.

ముందుగా ఎవరైనా ఈ పని మొదలుపెడతానంటే నా బండి ఇస్తాను. మంగళవారం సాయంత్రం ఆరున్నరకు, బయోడైవర్సిటీ జంక్షన్ వైపు. వర్షం పడుతుంటే ఇంకా మంచిది. పెట్రోల్ మీరే పోయించండి. నేను కిందికి దిగి నాజిల్ పక్కన నిలబడతాను, రౌండ్ ఫిగర్ మాత్రం వద్దు.

ఇట్లు,
మీ పాత సబ్‌స్క్రైబర్,
కూకట్‌పల్లి